మంచుకొండల మీద మలం ఎక్కడికి పోతుంది?

నేపాల్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కేవారు శిఖరానికి బయలుదేరే ముందు ఆఖరిసారిగా విడిది చేసే చోటు సౌత్ కోల్. ఎవరెస్టుకూ పక్కనున్న లోట్సే శిఖరానికీ మధ్య, సముద్రమట్టానికి సుమారు 7,900 మీటర్ల ఎత్తున గాలి ఊడ్చిపెట్టిన రాతినేల అది. అక్కడ మట్టి లేదు, మొక్క లేదు, పారే నీరు లేదు. తాగడానికైనా, సూపు కాచుకోవడానికైనా గుడారం చుట్టుపక్కల దొరికిన మంచును చెక్కి గ్యాసు పొయ్యి మీద కరిగించుకోవలసిందే. ఆ ప్రాంతపు చెత్త నిర్వహణ బాధ్యత చూసే సగర్‌మాథా (ఎవరెస్టుకు నేపాలీ పేరు) కాలుష్య నియంత్రణ కమిటీ 2024లో చెప్పిన అంచనా ప్రకారం, ఒకటో క్యాంపు నుంచి సౌత్ కోల్ మీది నాలుగో క్యాంపు వరకు పేరుకుపోయిన మానవ మలం సుమారు మూడు టన్నులు. అందులో దాదాపు సగం సౌత్ కోల్ మీదనే ఉంది. అంటే తాగడానికి తవ్వుకునే మంచూ, కాలు పెట్టకుండా తప్పించుకోవలసిన మంచూ ఒకే మైదానంలో ఉన్నాయి.

ఈ సంగతి వార్తల్లోకి వచ్చినప్పుడల్లా చర్చ ఆరోహకుల సంస్కారం మీదికి మళ్లుతుంది. సంస్కారానికి ఇందులో పాత్ర లేకపోలేదు గాని, అసలు చిక్కు అంతకంటే లోతైనది. పరిశుభ్రత గురించి మైదానంలో మనం నేర్చుకున్నదంతా మట్టి, వేడి, నీరు, సూక్ష్మజీవులు అనే నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది. మనం వదిలిన దాన్ని ఆ నాలుగూ కలిసి మన కంటికి కనబడకుండా తమలో కలుపుకుంటాయి. ఐదారు వేల మీటర్ల పైన ఆ నాలుగింటిలో ఏదీ పనికి వచ్చేంతగా ఉండదు. కాబట్టి అక్కడ ఒకరు వదిలింది అంతరించదు. వెనుక వచ్చేవారి గిన్నెలోకో, పోర్టరు వీపు మీదికో, కొన్ని దశాబ్దాల తరువాత కింది లోయలోని సెలయేటిలోకో చేరుతుంది. పర్వతయాత్రల్లో మరుగుదొడ్డి మర్యాద అన్నది నిజానికి ఈ బదిలీని ఎక్కడ, ఎవరి ఖర్చుతో ఆపాలన్న ప్రశ్న.

అడవి దారుల్లో నడిచేవారికి పాతకాలం నుంచి ఉన్న సలహా ఒకటుంది: నీటికి కనీసం అరవై మీటర్ల దూరంలో, జానెడు లోతున, అంటే పదిహేను ఇరవై సెంటీమీటర్ల గుంట తవ్వి, పని ముగిశాక మట్టి కప్పాలి. నేల పైపొరలో సూక్ష్మజీవులు ఎక్కువగా ఉంటాయి గనుక అంతకంటే లోతు అక్కరలేదు. ఈ పద్ధతి చెట్లున్నంత మేరకు మంచిదే. ఎవరెస్టుకు దారితీసే ఖుంబు లోయలో సుమారు నాలుగు వేల మీటర్లు దాటితే చెట్లు పోతాయి, మట్టి పలచబడుతుంది, ఆ పైన రాయీ మంచూ మాత్రమే మిగులుతాయి. మంచులో గుంట తవ్వి కప్పడం మట్టిలో కప్పడంలాగే కనిపిస్తుంది గాని, ఫలితం మాత్రం మిగిలిన కూరను ఫ్రిజ్‌లో పెట్టినట్టే ఉంటుంది. పెరుగుదల ఆగిపోతుంది, పాడవడమూ ఆగిపోతుంది, తీసి చూస్తే దాదాపు పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. బ్యాక్టీరియాలో కొంత భాగం చలికి చనిపోయినా అన్నీ చావవు. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ వంటి వైరస్‌లకైతే చలి హాని చేయకపోగా వాటిని భద్రపరుస్తుంది. ఎత్తైన చోట్ల ఎండలోని అతినీలలోహిత కిరణాలు బలంగా ఉంటాయన్నది నిజమే, అయితే మంచు కింద కప్పెట్టిన దాని దాకా అవి చేరవు.

దీన్ని అందరికంటే శ్రద్ధగా కొలిచి చూసింది ఎవరెస్టు మీద కాదు, అలాస్కాలోని డెనాలి మీద. 6,190 మీటర్ల ఆ పర్వతానికి ఏటా వెయ్యిమందికి పైగా వస్తారు, వారిలో అత్యధికులు 1951లో తొలిసారి ఎక్కిన వెస్ట్ బట్రెస్ దారినే పట్టుకుంటారు. ఆ దారి చాలా దూరం కహిల్ట్‌నా హిమానీనదం మీదుగా సాగుతుంది. హిమానీనదంలో అక్కడక్కడా లోతైన పగుళ్లు ఉంటాయి. సంచిలో పోగుచేసిన మలాన్ని అలాంటి పగులులో పడేయడం దశాబ్దాల పాటు మంచి ఆరోహకుల అలవాటుగా, ఒక రకంగా బాధ్యతగా కూడా చెలామణి అయింది. కదిలే మంచు బరువు కింద నలిగి అది ఏమీ కాకుండా పోతుందని అందరి నమ్మకం. మైఖేల్ లోసో అనే హిమానీనద శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. 2012లో ప్రచురించిన పరిశోధనలో 1951 నుంచి ఆ హిమానీనదానికి చేరిన మలం 69 నుంచి 97 టన్నుల దాకా ఉంటుందని వారు లెక్కగట్టారు. మంచులో పాతిపెట్టి ఏడాది తరువాత తీసిన నమూనాల్లో బ్యాక్టీరియా ఇంకా బతికే ఉంది. హిమానీనదం చాలా నెమ్మదిగానే అయినా ఆగకుండా కిందికి జారే మంచునది గనుక, పైన పగుళ్లలో పడినదంతా దశాబ్దాల తరువాత దిగువన, మంచు కరిగే చోట, మళ్లీ పైకి తేలుతుందనీ, అక్కడి నుంచి నదిలో కలుస్తుందనీ వారి పరిశోధన తేల్చింది.

అంతకు పదేళ్ల ముందే అదే పర్వతం మరో పాఠం చెప్పింది. 2002 జూన్‌లో వెస్ట్ బట్రెస్ దారిలో వాంతులు, విరేచనాలు ప్రబలితే ఆరోగ్య అధికారులు దిగివస్తున్న 132 మందిని ప్రశ్నించారు. వారిలో 38 మంది, అంటే నూటికి 29 మంది, కొండ మీద జబ్బుపడినవారే. మలంతో కలుషితమైన మంచును కరిగించి తాగడం మీదికే వారి అనుమానం పోయింది. కింద పట్నంలో విరేచనాలంటే రెండు రోజుల సెలవుతో పోయే ఇబ్బంది. ఐదు వేల మీటర్ల పైన శరీరం ఊపిరి ద్వారానే బోలెడంత నీటిని పోగొట్టుకుంటూ ఉంటుంది, ఆకలి మందగిస్తుంది, కరిగించుకున్న ప్రతి లీటరూ ఇంధనం ఖర్చు మీద వచ్చినదే. ఆ స్థితిలో నీరు కోల్పోయిన మనిషి త్వరగా నీరసపడతాడు, వేళ్లు మంచుకాటుకు గురయ్యే ప్రమాదం పెరుగుతుంది, తాడుతో కట్టుకున్న తోటివాళ్లకు అతడే ప్రమాదంగా మారతాడు.

డెనాలి మీద పరిష్కారం వచ్చిన తీరు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. రోజర్ రాబిన్‌సన్ అనే నేషనల్ పార్క్ రేంజరు 2000 ప్రాంతంలో బిగుతైన మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాను ప్రవేశపెట్టించాడు. పేరు క్లీన్ మౌంటెన్ క్యాన్. దాని మీదే కూర్చోవచ్చు, మూత బిగిస్తే వాసన రాదు, రక్‌శాక్‌కు గాని స్లెడ్జికి గాని కట్టుకోవచ్చు. మొదట ఎత్తైన శిబిరంలో ప్రయోగంగా మొదలై, క్రమంగా కొండంతటికీ విస్తరించింది. పగుళ్లలో పారేసే అలవాటు మాత్రం చాలాకాలం సాగింది. 2018లో పార్కు అధికారులు దాన్నీ కుదించారు: 4,300 మీటర్ల దగ్గరున్న పెద్ద శిబిరానికి దిగువన వచ్చిన మలమంతా కొండ దింపి తీరాలి, ఆ పైన వచ్చినదాన్ని మాత్రం ఆ శిబిరం దగ్గర గుర్తించిన ఒకే ఒక లోతైన పగులులో వేయవచ్చు. పరిశోధన ఫలితం తెలిసిన తరువాత కూడా ఆ ఒక్క మినహాయింపు ఉంచడం రాజీయే, సందేహం లేదు. అయినా డబ్బా ఇవ్వడం, తిరిగి లెక్క చూసుకోవడం, మూత్రం పోసే చోటును శిబిరమంతటికీ ఒక్కటిగా జెండాతో గుర్తు పెట్టడం లాంటి ఏర్పాట్లతో వెయ్యిమంది తాకిడిని తట్టుకోవచ్చని ఆ కొండ చూపించింది. అక్కడ ఎవరి డబ్బాను వారే మోస్తారన్నది మరిచిపోకూడని వివరం, ఎందుకంటే డెనాలి మీద పోర్టర్లు ఉండరు.

ఎవరెస్టు కథ ఇక్కడే వేరవుతుంది. 5,364 మీటర్ల బేస్ క్యాంపులో వసంతకాలంలో ఒకటిన్నర రెండు నెలల పాటు ఓ చిన్న ఊరే వెలుస్తుంది. కదిలే హిమానీనదం మీద గుంటలు తవ్వడం కుదరదు గనుక, ప్రతి బృందమూ టాయిలెట్ టెంటు వేసి, రాళ్లు పేర్చిన అరుగు కింద ప్లాస్టిక్ డ్రమ్ము పెడుతుంది. డ్రమ్ము నిండితే మూత బిగించి పోర్టర్లు వీపున కట్టుకుని దించుతారు. ఇలా ఏటా దిగే బరువు పన్నెండు టన్నుల దాకా ఉంటుందని అంచనా. ఏళ్ల తరబడి ఆ డ్రమ్ములు వెళ్లింది గోరక్ షెప్‌కు. 5,164 మీటర్ల ఎత్తున, ఎండిన సరస్సు అంచున ఉండే నాలుగైదు లాడ్జిల విడిది అది. డ్రమ్ములను అక్కడి గుంటల్లో కుమ్మరించేవారు. గుంటల కింద ఉన్నది అదే చల్లని నేల, అదే రాతిమట్టి. కాబట్టి కొండ మీద నుంచి సమస్య దిగింది గాని కరగలేదు. వానాకాలంలో అందులోంచి ఊరిన నీరు దిగువ గ్రామాలవారు వాడుకునే నీటిలో కలిసే ప్రమాదం అలాగే ఉండిపోయింది.

డ్రమ్ముల విషయంలో కొత్తవారికి మొదటి రోజే చెప్పే నియమం ఒకటి వింతగా తోస్తుంది: అందులో మూత్రం పోయకూడదు. కారణం బరువు. ద్రవం చేరితే డ్రమ్ము త్వరగా నిండుతుంది, దించేటప్పుడు లోపల కుదుపులకు ఊగి మోసేవాడి తూకం తప్పిస్తుంది, మూత వదులైతే అతడి వీపు మీదికే కారుతుంది. అందుకని ముందుగా బయట కేటాయించిన చోట మూత్రం పోసుకుని ఆ తరువాతే టెంటులోకి వెళ్లాలంటారు. శరీరం రెండింటినీ అంత క్రమశిక్షణతో వేరు చేయదన్నది అందరికీ తెలిసినదే, స్త్రీలకు ఇది మరింత కష్టం; అయినా వీలైనంత పాటించడమే మోసేవారి పట్ల చూపగల కనీస మర్యాద. మూత్రానికి మాత్రం ఇప్పటికీ సరైన జవాబు లేదు. బేస్ క్యాంపును దిగువకు మార్చాలన్న ఆలోచన 2022లో నేపాల్‌లో చర్చకు వచ్చినప్పుడు, అక్కడ రోజుకు సుమారు 4,000 లీటర్ల మూత్రం మంచు మీదికి చేరుతోందని దాన్ని పరిశీలించిన కమిటీ చెప్పింది.

బేస్ క్యాంపు పైన డ్రమ్ములు ఉండవు. ఒకటో క్యాంపు నుంచి నాలుగో క్యాంపు దాకా మొన్నమొన్నటి వరకు జరిగింది మంచులో గుంట తీయడం, అది కుదరని చోట రాతి చాటుకు పోవడం. 2014లో నేపాల్ ప్రభుత్వం ప్రతి ఆరోహకుడూ కనీసం ఎనిమిది కిలోల చెత్త దించాలని నిబంధన పెట్టింది గాని, ఎనిమిది కిలోలు చూపించడానికి డబ్బాలూ, తాళ్లూ, చిరిగిన గుడారాలూ ఉండగా మలాన్ని ఎంచుకునేవారు ఎవరు? తూకం వేసి లెక్కచూసే నియమాలతో వచ్చే చిక్కు ఇదే, బరువు లెక్క సరిపోతుంది, అసలు పనికి మాత్రం ఎవరూ పూనుకోరు. 2024 వసంతంలో ఖుంబు పసంగ్ ల్హాము గ్రామీణ మున్సిపాలిటీ ఇంకో అడుగు వేసి, పై క్యాంపుల్లో వచ్చిన మలాన్ని ఎవరిది వారు సంచిలో దించి బేస్ క్యాంపులో చూపించాలని ఆదేశించింది. కాలుష్య నియంత్రణ కమిటీ అమెరికా నుంచి ఎనిమిది వేల సంచులు తెప్పించింది. సుమారు నాలుగు వందల మంది విదేశీ ఆరోహకులు, ఎనిమిది వందల మంది సహాయక సిబ్బంది వస్తారన్నది అప్పటి అంచనా.

ఆ సంచి సాంకేతికత చాలా సరళమైనది. లోపల ఉండే పొడి తడిని పీల్చి జిగురుముద్దగా గట్టిపరుస్తుంది, వాసనను అణుస్తుంది. ఒక్కో సంచిని ఐదారుసార్లు వాడవచ్చు, మనిషికి రెండు ఇస్తే పది పన్నెండుసార్లకు సరిపోతుంది. మనిషి రోజుకు సగటున పావుకిలో మలం విసర్జిస్తాడనీ, పై క్యాంపుల్లో మొత్తం రెండు వారాలు గడుపుతాడనీ కమిటీ లెక్క. అంటే ఒక్కొక్కరికి మూడున్నర కిలోలు. పన్నెండు వందల మందికి నాలుగు టన్నులు దాటుతుంది. అందరూ అన్ని రోజులూ పైన ఉండరు గనుక అసలు సంఖ్య తక్కువే కావచ్చు. అయినా పాత మూడు టన్నులు పేరుకోవడానికి అన్ని దశాబ్దాలు పట్టిందంటే, గాలి, మంచు తుపాన్లు, కదిలే హిమానీనదం ఎంత భాగాన్ని మన కంటికి అందని చోటికి తీసుకుపోయాయో ఊహించుకోవచ్చు.

మూడున్నర కిలోలు కాగితం మీద చిన్న బరువు. ఎనిమిది వేల మీటర్ల దగ్గర, ఆక్సిజన్ సిలిండరు వీపున వేసుకుని అడుగుకు రెండు మూడు ఊపిరులు తీసుకునే మనిషికి చిన్న బరువు కాదు. అక్కడ మలవిసర్జన అనే పనే ఒక సాహసం: పక్షి ఈకలు కూరిన మందపాటి డౌన్ సూటుకు వెనుక జిప్పు, దాని పైన నడుముకు, తొడలకు బిగించిన హార్నెస్, మూడు పొరల చేతితొడుగులు, మైనస్ ముప్పై చలిలో ఉత్త చేతులు బయటపెట్టగలిగే వ్యవధి నిమిషమో రెండో. వెనుక జిప్పును, హార్నెస్ తొడపట్టీలను విప్పి బిగించడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. 1996 మే 9న లోట్సే ముఖం మీది మూడో క్యాంపులో తైవాన్ బృందపు ఆరోహకుడొకరు క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూట్ల కింద బిగించే ముళ్ల పట్టీలు) లేకుండా, బూటు లోపలి మెత్తటి తొడుగులతోనే మలవిసర్జనకు బయటికి వచ్చి, గట్టి మంచు మీద జారి పగులులో పడి, ఆ దెబ్బలకే మరణించాడు. వాలు మీద వేసిన శిబిరంలో గుడారం దాటితే ఎంత తొందరైనా బూట్లు, క్రాంపాన్లు వేసుకోవాలనీ, తాడుకు తగిలించుకోవాలనీ ఆ సంఘటన గట్టిగా చెప్పింది. గుడారంలోనే సంచి వాడుకోవడం మొదట సిగ్గుగా అనిపించినా, ఆ వాలు మీద అదే క్షేమకరం.

రాత్రి మూత్రానికి సీసా వాడే పద్ధతి కూడా ఇదే ఆలోచన నుంచి వచ్చింది. ఎత్తుకు అలవాటుపడే క్రమంలో శరీరం మామూలుగానే ఎక్కువ మూత్రం విసర్జిస్తుంది, పర్వతవ్యాధి రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర దాన్ని ఇంకా పెంచుతుంది. రాత్రికి రెండు మూడుసార్లు నిద్రసంచి విప్పి బయటికి వెళ్లడమంటే ఒంటిలోని వేడి పోవడం, పక్కవారి నిద్ర పోవడం, గుడారంలోకి మంచు రావడం. వెడల్పు మూతి గల లీటరు సీసా వీటన్నిటినీ తప్పిస్తుంది. స్త్రీలకు సిలికాన్ గరాటు దొరుకుతుంది, కింద కొన్నాళ్లు సాధన చేస్తే గాని అది చేతికి రాదు. చీకట్లో తాగునీటి సీసాతో పొరబడకుండా మూత్రపు సీసా ఆకారమే వేరుగా ఉండాలి. రంగు మాత్రమే వేరైతే తల దీపం లేనప్పుడు ఉపయోగం లేదు. నిండిన సీసాను గుడారం గుమ్మం ముందు కుమ్మరించకూడదు, ఎందుకంటే తెల్లవారుజామున వంటమనిషి మంచు తవ్వేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. నీటికి తవ్వే మంచు శిబిరానికి ఎగువన, గాలి వచ్చే దిక్కున ఒకచోట, మలమూత్రాలకు శిబిరానికి దిగువన ఇంకొకచోట అని వచ్చిన తొలి గంటలోనే నిర్ణయించుకుని వెదురుపుల్లలకు జెండాలు కట్టి పాతిపెట్టుకున్న శిబిరాల్లో ఈ గొడవ చాలావరకు ఉండదు.

కాచిన నీళ్లే కదా, భయమేమిటని చాలామంది అంటారు. ఎత్తు పెరిగేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది: బేస్ క్యాంపులో 83 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సౌత్ కోల్ మీద 75 దగ్గర. రోగకారక క్రిములను చంపడానికి ఆ వేడి కొద్ది నిమిషాలు నిలిస్తే చాలు, అందుకే రెండు వేల మీటర్లు దాటిన చోట్ల నీటిని మూడు నిమిషాలు మరగనివ్వాలని అమెరికా రోగ నివారణ సంస్థ సలహా. చిక్కు వేడిలో లేదు, ఇంధనంలో ఉంది. మంచు కరిగి నీరు కావడానికే గంటలు పడుతుంది, గ్యాసు సిలిండరును మోసి తెచ్చినది ఎవరో ఒకరు, కాబట్టి మంచు కరిగిన వెంటనే గోరువెచ్చని నీళ్లను సీసాల్లో నింపేసే అలవాటు పై క్యాంపుల్లో సర్వసాధారణం. అలాంటి నీరు కరిగిన నీరే గాని కాచిన నీరు కాదు.

చేతుల సంగతి ఇంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకరి నిర్లక్ష్యం అందరినీ చేరేది చేతుల ద్వారానే. యాత్రికులు జేబులో పెట్టుకుని తిరిగే ఆల్కహాల్ శానిటైజరు నోరోవైరస్ మీద సరిగా పనిచేయదు, చేతులకు మురికి అంటుకుని ఉంటే దేని మీదా సరిగా పనిచేయదు. సబ్బు క్రిమిని చంపనక్కరలేదు, చేతి నుంచి వదిలించి నీటితో పంపేస్తే చాలు. అందుకే మంచి వంటబృందం ఉన్న శిబిరాల్లో టాయిలెట్ టెంటు దగ్గరొకటి, భోజనాల టెంటు గుమ్మం దగ్గరొకటి కుళాయి ఉన్న క్యానులో గోరువెచ్చని నీళ్లు, సబ్బు పెడతారు. టీ వేళ మధ్యలో పెట్టిన పాప్‌కార్న్ గిన్నెలో, డ్రైఫ్రూట్ డబ్బాలో చెయ్యి ముంచకుండా అరచేతిలోకి ఒంపుకోవాలి. పాతకాపులు ఈ విషయంలో చాదస్తంగా కనిపిస్తారు, ఒకసారి క్యాంపంతా విరేచనాలతో పడకేయడం చూసినవారి చాదస్తం అది.

తెలుగువారితో సహా మన దేశపు యాత్రికులకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది, దాని గురించి ఇంగ్లీషు గైడుపుస్తకాల్లో దొరకదు. మనకు కాగితం అలవాటు లేదు, నీళ్లే కావాలి. నాలుగు వేల మీటర్ల దాకా ఇది సమస్య కాదు. వంటగుడారంలో అడిగి అరలీటరు గోరువెచ్చని నీళ్లు, మూతకు చిల్లులున్న చిన్న సీసా పట్టుకెళితే సరిపోతుంది. ఆ పైన నీళ్లు గడ్డకడతాయి, తడి చర్మం చలికి పగులుతుంది, డ్రమ్ములోకి నీళ్లు పోతే పైన చెప్పుకున్న బరువు చిక్కే మళ్లీ వస్తుంది. అందుకని ఎత్తైన చోట్ల కాగితానికీ తడి తుడుపు గుడ్డలకూ మారక తప్పదు. తడి తుడుపు గుడ్డలు చూడడానికి కాగితంలా ఉన్నా చాలావాటిలో ప్లాస్టిక్ నూలు ఉంటుంది, అవి ఎక్కడా కుళ్లవు. వాటికీ, శానిటరీ ప్యాడ్లకూ వేరే జిప్ సంచి పెట్టుకుని కిందికి తెచ్చుకోవాలి. డ్రమ్ము మీద అమర్చిన సీటు ఎక్కి గొంతుకు కూర్చునే అలవాటు కూడా మానాలి, సీటు విరిగితే ఆ ఎత్తున బాగుచేసే వడ్రంగి ఉండడు, తరువాత వచ్చేవారికి మిగిలేది మురికి అంచే.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఉత్తరాఖండ్, హిమాచల్ ట్రెక్కుల్లో పరిస్థితి కొంత నయం, కొంత దారుణం. నయం ఎందుకంటే బుగ్యాల్ అనే గడ్డిమైదానాల్లో మట్టి ఉంది. గుంట తవ్వి ప్రతిసారీ మట్టో కొబ్బరిపొట్టో చల్లే పొడి మరుగుదొడ్డి అక్కడ పనిచేస్తుంది. దారుణం ఎందుకంటే ఒకే మైదానంలో సీజనంతా రోజూ వందల మంది దిగితే ఏ మట్టికైనా అంత జీర్ణశక్తి ఉండదు. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌లలో రాత్రి విడిదిని నిషేధించి, పగటి సందర్శకుల సంఖ్యను రెండు వందలకు పరిమితం చేయడానికి దారితీసిన ఒత్తిడిలో ఇదీ ఒక భాగమే. నిషేధంతో విడిదులు దిగువ అడవుల్లోకి మారాయి. అక్కడ మట్టి మందం, సూక్ష్మజీవులు ఎక్కువ గనుక ఈ ఒక్క కోణంలో చూస్తే అది మంచి మార్పే.

ఎవరెస్టు డ్రమ్ములకు శాశ్వత పరిష్కారం వెతికే ప్రయత్నం ఒకటి 2010 నుంచి నడుస్తోంది. బోయింగ్ సంస్థలో పనిచేసి విరమించిన ఇంజనీరు గ్యారీ పోర్టర్, ఆరోహకుడు డాన్ మజూర్ మొదలుపెట్టిన మౌంట్ ఎవరెస్ట్ బయోగ్యాస్ ప్రాజెక్టు ఉద్దేశం, గోరక్ షెప్ దగ్గర డ్రమ్ముల మలంతో గోబర్ గ్యాస్ తయారుచేసి వంటకు వాడుకోవడం. మన పల్లెల్లో పెరట్లో తేలిగ్గా పనిచేసే ఆ యంత్రాంగం అక్కడ మొండికేయడానికి కారణం మళ్లీ చలే. గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులకు ఇరవై నుంచి ముప్పై డిగ్రీల వెచ్చదనం కావాలి, కాబట్టి సౌరఫలకాలతో, బ్యాటరీలతో తొట్టిని రాత్రింబవళ్లు వెచ్చగా ఉంచే పథకం వేశారు. సాంకేతికంగా సాధ్యమే గాని, ఐదు వేల మీటర్ల ఎత్తున దాన్ని కట్టడానికీ, ఏళ్ల తరబడి నడపడానికీ డబ్బూ మనుషులూ దొరకడమే కష్టం. ఉత్తరాన టిబెట్ వైపు చైనా అధికారులు ఇంకో దారి పట్టి, 2019లో 7,028 మీటర్ల శిబిరంలోనే కింద తొట్టి ఉన్న మరుగుదొడ్డిని ఏర్పాటుచేస్తామని ప్రకటించారు. ఆ వైపు కొండంతా ఒకే యంత్రాంగం చేతిలో ఉండడం వల్ల అలాంటి నిర్ణయం సులువు.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఆ ఉత్తరం దారినే ఎవరెస్టు ఎక్కింది, 2022లో డెనాలి కూడా ఎక్కింది. ఆమె తరువాత తెలుగు రాష్ట్రాల గురుకులాల నుంచి, ఉద్యోగవర్గాల నుంచి కిలిమంజారోకూ, ఎల్‌బ్రస్‌కూ, ఎవరెస్టు బేస్ క్యాంపుకూ వెళ్లేవారు బాగా పెరిగారు. వారిలో చాలామంది ఏజెన్సీల ద్వారా వెళతారు, ధరలు పోల్చి చూస్తారు. ధర తగ్గించడానికి ఏజెన్సీకి ఉన్న సులువైన మార్గాల్లో ఒకటి మరుగుదొడ్డి మీద కోత: కిలిమంజారో మీద రసాయన టాయిలెట్‌ను ప్రత్యేకంగా మోసే పోర్టరు ఒకడు తగ్గుతాడు, ఖుంబులో పది మందికి ఒకటి ఉండవలసిన టెంటు ఇరవై మందికి ఒకటి అవుతుంది, డ్రమ్ము దించే కూలికి బేరం జరుగుతుంది.

డబ్బు కట్టే ముందు అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఎంతమందికి ఒక టాయిలెట్ టెంటు? నిండిన డ్రమ్ము ఎక్కడికి పోతుంది, మోసేవారికి దానికి వేరే కూలి, చేతితొడుగులు, మారు బట్టలు ఇస్తారా? చేతులు కడిగే నీళ్ల బాధ్యత ఎవరిది? బేస్ క్యాంపు పైకి వెళ్లేవారైతే ఇంకొకటి: నా సంచి నేనే మోసుకుని దిగుతానా, లేక అది నా షెర్పా బరువులో చేరుతుందా? ఎవరెస్టు నిబంధన సంచి బేస్ క్యాంపుకు తిరిగి రావాలంటుంది, ఎవరి వీపు మీద అన్నది చెప్పదు. ఏజెన్సీలు ఈ ఆఖరి ప్రశ్నకు సాధారణంగా నవ్వి ఊరుకుంటాయి; ఒప్పందంలో ఒక వాక్యం రాయమంటే మాత్రం రాస్తాయి, షెర్పా మోసేటట్టయితే దానికి వేరే రేటు కూడా చెబుతాయి.